ఈరవ్వ బదుళ్లు

రాజీనామా అర్జీ ఉర్దూలో సాఫుగా రాసి పై అధికారి సరిస్తదారు చేతికి ఇవ్వాలి. కచ్చేరికి తొడుక్కునే షేర్వాణీని, గుండీలు కోసి దాచుకొని, అమ్మెయ్యాలి. కిరాయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తలుపు గొళ్లెం మనం కొన్నదే గనక ఊడదీసుకొని పోవాలి. మొన్న వానకాలం మనం కప్పించిన నాలుగు పెంకులకు చివరి నెల కిరాయిలో మినహాయింపు అడగాలి. ఎడపల్లిలో గానుగ వంతు ఖాయం చేసుకోవాలి. బదులు తీర్చవలసిన వాళ్లందరికీ కబురు పెట్టాలి. గానుగ కాగానే, అటునుంచి అటే, అక్కను నవీపేటలో దింపాలి.

శుక్రవారం, కచ్చేరికి సెలవు. హన్మండ్లు గడప మీద కూర్చొని ఈ పనులన్నీ ఒక్కొక్కటే పైకి చదివాడు. తాలూకా కచ్చేరిలో అహల్కారుగా, అంటే గుమాస్తాగా, కొలువు చేసి చేసి అతనికి హుకుం చదివే గొంతు అలవాటైంది. తలుపు గొళ్లెం సంగతి ఏ గొంతుతో చదివాడో అక్క సంగతీ అదే గొంతుతో చదివాడు.

పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతున్న ఈరవ్వ చేయి ఆగిపోయింది. పెనం మీది రొట్టె ఒక పక్క నల్లబడింది.

"రొట్టె మాడుతుంది అక్కా. పిండి ఫుజూల్ పోతది."

"నవీపేటల నాకెవలున్నరురా?"

"నీ అత్తగారిల్లు ఉన్నది గద."

"మొగడు పాయె, అత్త సచ్చి ఎన్నడాయె. మరిది పసుల కొట్టంల పండమన్నడు. గప్పుడు నువ్వే గద, బండి కట్టుకొని వచ్చి నన్ను తోల్కొచ్చినవ్?"

"గప్పుడు నాకు వండిపెట్టెటోళ్లు లేకుండె." అందులో దాచవలసిందేమీ కనిపించలేదు హన్మండ్లుకు. "ఇప్పుడు నౌకరి ఇడుస్తున్న. పొలం మీద ఒక్క కడుపు సుకంగ బతుకుతది. రెండు కడుపులైతే హిసాబు కుదరదు. ఇంకో అయిదారేండ్లు సలాములు కొట్టాల్సొస్తది. నువ్వే సెప్పు, గది బాగుంటదా?"

"మంచిగ అడిగినవ్ తమ్మీ. ఎద్దును అమ్మెటోడు సుత ఎద్దును అడగడు."

"కోపం ఎందుకక్కా? గానుగ అయ్యెదాక ఉంటవు. ముందే సెప్తున్న, మల్ల ఆకరుకు లొల్లి ఉండద్దని."

ముందే చెప్పడం కూడా అతనికి పొదుపే. ఒకసారి చెబితే పోయేదానికి రెండుసార్లు నోరు నొప్పి పెట్టుకోవడం ఎందుకు?

హన్మండ్లు సంగతి నిజామాబాదులో ఆ గల్లీ అంతటికీ తెలుసు. కిఫాయత్ హన్మండ్లు, అంటే పొదుపు హన్మండ్లు, ఎక్కడుంటాడని అడిగితే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడని సామెత. హన్మండ్లు చేతికి ఎంగిలి అంటితే కదా, కాకికి ఆశ పుట్టడానికి. చెప్పులు చంకలో పెట్టుకొని బజారంతా నడిచి కచ్చేరి గేటు దగ్గర తొడుక్కునేవాడు. రాత ఏదైనా ఉంటే సరాయి మూలమీది సర్కారు దీపం కింద నిలబడి రాసుకునేవాడు. చాయ్ హోటలు ముందు నుంచి పోయేటప్పుడు లోపల తెలిసినవాళ్లు ఉన్నారేమో చూసి, ఉంటేనే మెల్లగా నడిచేవాడు. పెళ్లి విందులకు అందరికంటే ముందు కూర్చొనేవాడు. కట్నాలు చదివించే వేళకు అతని చెప్పులు మళ్లీ చంకలో ఉండేవి.

ఆ ఇంట్లో పోపు వాసన పుట్టి ఎన్నేండ్లయిందో. పక్కింటి శ్యామలమ్మ పప్పు తాలింపు పెట్టే వేళ కనిపెట్టి, నడిమి గోడకు ఆనుకొని కూర్చొని రొట్టె, ఎల్లిగడ్డ కారం తినేవాడు. ఒకసారి శ్యామలమ్మ గోడ మీది నుంచి తొంగిచూసి, "ఏం హన్మండ్లూ, ఇయ్యాల్టి పోపుల ఆవాలు తక్కువైనయా?" అని అడిగింది. అతను కోపం తెచ్చుకోలేదు. "సరిపోయినయ్ వదినె, జీలకర్రే ముక్కుకు ఆనలే" అన్నాడు.

పెండ్లి చేసుకోలేదు. పిల్లనిస్తామని ఇందల్వాయి నుంచి ఎవరో వస్తే, "అక్క ఉండంగ పెండ్లెందుకు? గది డబల్ ఖర్చు" అని పంపేశాడు. ఆ మాట లోపలినుంచి విన్న ఈరవ్వకు నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

ఇంత చెప్పినాక, అతనికి ఈ పిచ్చి ఎట్లా పట్టిందో కూడా చెప్పడం న్యాయం. కొలువులో చేరిన కొత్తలో సరిస్తదారు ఇంటి మేకపోతు తప్పిపోయింది. కచ్చేరి పని పక్కన పెట్టించి హన్మండ్లును వెతకడానికి పంపారు. వాళ్ల వంశంలో అక్షరం నేర్చినవాడు అతనొక్కడే. అట్లాంటివాడు పొద్దుగూకేదాకా ఊరంతా "బుర్ర్ బుర్ర్" అనుకుంటూ తిరిగి, మేకపోతును భుజానేసుకొని వచ్చి, సలాము కొట్టి, ఆలస్యమైనందుకు తిట్లు తిని ఇల్లు చేరాడు. "అక్కా, నలబై ఏండ్లు రాకముందే నేను ఆజాద్ అయిత. ఎవని ముందట నడుము వంచ. ఏం తినకున్నా మంచిదే" అన్నాడు. ఆ రాత్రి ఈరవ్వ కండ్లనీళ్లు పెట్టుకుంది. తమ్ముడు ఆజాద్ కావాలని తానుగానే రాత్రి రొట్టె మానేసింది. మొదటి కొన్నాళ్లకని మానేసిన రొట్టె, తర్వాత ఆ ఇంటి కాయిదా అయి కూర్చుంది.

అట్లా కడుపు కట్టి, నిజాంసాగరు కాలువ పారిన తర్వాత ఎడపల్లి దాపున మూడెకరాలు కొన్నాడు. కౌలుకిచ్చిన ఆ పొలాన్ని కిందటేడు వెనక్కి తీసుకొని చెరుకు నాటించాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచి అప్పటికి ఏడాదైంది. పొగను చూసిన ప్రతివాడి కంటికీ చెరుకే కనిపిస్తున్న కాలం అది.

చెరుకు వేయడం కాదు, తీయడం కష్టం. నరకాలి, ఆకు దూయాలి, మోయాలి, గానుగలో పెట్టాలి, పొయ్యి మండించాలి, పెనం మీద రసం కాచి బెల్లం తీయాలి. అన్నీ ఒక్కసారే జరగాలి. నరికిన చెరుకు నిలవుంటే రసం పులుస్తుంది. ఊరికంతటికీ ఒకటే ఇనుప గానుగ. వంతు వచ్చిన రైతుకు మూడు దినాలు. నాలుగో దినం పొద్దున గానుగ ఇంకొకరి పొలానికి పోతుంది. మళ్లీ రావాలంటే ఊరంతా తిరిగి రావాలి. అందుకని అక్కడ ఎవరూ కూలికి పిలుచుకోరు, బదులుకు పిలుచుకుంటారు. ఈ వారం నీ గానుగ దగ్గర నా చేయి, వచ్చే వారం నా గానుగ దగ్గర నీ చేయి. దానికి కాగితం లేదు, సాక్షి లేదు. ఎగ్గొట్టినవాడు మాత్రం లేడు.

హన్మండ్లు తెలివి చూడండి. తన చెరుకు ఇంకా మోకాటి ఎత్తు ఉండగానే, కిందటి గానుగల కాలమంతా ఈరవ్వను ఎడపల్లికి తోలాడు. "అందరి గానుగలకు పో అక్కా. ఒక్కటి సుత ఇడువకు. మన వంతు వచ్చెవరకు ఊరంత మనకు బాకీ ఉండాలె." ఈరవ్వ పోయింది. భూమన్న చెరుకు దూసింది, లింగం చెరుకు మోసింది, ముసలి పెంటవ్వ గానుగ దగ్గర పిప్పి ఎండబోసింది. చెరుకు ఆకు కోసి కోసి ఆమె ముంజేతులు జల్లెడైనాయి. అంతా కలిపి హన్మండ్లుకు అయిన ఖర్చు ఏమీ లేదు. ఖర్చు లేనిదాన్ని ఎక్కడా రాసిపెట్టుకునే అలవాటు అతనికి లేదు.

రొట్టె మాడిన మరునాడే ఈరవ్వను ముందుగా ఎడపల్లికి పంపాడు, బదులు వాళ్లకు కబురు చెప్పమని. తాను అర్జీ ఇచ్చి, ఇల్లు ఖాళీ చేసి వెనకాల వస్తానన్నాడు. ఈరవ్వ దారిలో ఖాళీ చెరుకు బండి ఎక్కి, పొద్దు వాలేసరికి పెంటవ్వ ఇంట్లో దిగింది. కిందటేడు ఉన్నదీ ఆ ఇంట్లోనే.

పెంటవ్వ ఒంటరి ముసలిది. నోట్లో పండ్లు లేకపోయినా మాటకు పదునుండేది. అప్పుడే భూమన్న కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్లో పదిమంది వినే మనిషి భూమన్న. ఈరవ్వ తమ్ముడి కబురు చెప్పింది. ఆ తర్వాత, చెప్పవద్దనుకుంటూనే, నవీపేట సంగతీ చెప్పింది.

పెంటవ్వ నోటి మీద వేలేసుకుంది. "గానుగ కాంగనే నిన్ను తోలేస్తడా? పిప్పిని సుత ఎండినంక పొయ్యిల పెడ్తరు గదనే, ఊకెనే పారెయ్యరు!"

"నా కర్మ అవ్వా."

"కర్మ గిర్మ ఇడిసిపెట్టు. మల్లచ్చే ఏడు మా గానుగలకు ఎవలస్తరు? నువ్వు నవీపేటల ఉంటివి. మీ తమ్ముడు వచ్చి మా చెరుకు దూస్తడా?"

"ఉన్న బాకీ ఇప్పుడు తీర్చున్రి. వచ్చే వారమే ఆయన వంతు."

భూమన్న చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "ఈరవ్వ చెల్లె, ఒక్క మాట. మేము బాకీ ఉన్నది నీకు. మా చెరుకుల నిలబడ్డది నువ్వు. హన్మండ్లు గట్టు మీద సుత కాలు పెట్టలే. నువ్వు రమ్మంటే ఆయన గానుగకు వస్తం. పెంటవ్వ పెరట్ల గడ్డి పీకుమంటే గడ్డి పీకుతం. బదులు చేసిన చేతిది. ఎవలి చేతిని వాళ్లే అడగాలె."

ఈ మాట ఈరవ్వకు తెలియంది కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయితే ఎన్నేండ్లుగానో తన చేతులు తమ్ముడి సామాన్లలో ఒకటి అనుకోవడం అలవాటైంది. గొళ్లెం ఒకటి, పెనం ఒకటి, అక్క ఒకటి. ఆ సాయంత్రం కాలువ గట్టున కూర్చొని ఆమె తన చేతులను కొత్తగా చూసుకుంది. చేతులు అందంగా ఏమీ లేవు. తనవి మాత్రం అవును.

రాజీనామా ఇచ్చి హన్మండ్లు గొళ్లెంతో సహా వచ్చాడు. ఎవరూ సలాము అడగని గాలి పీల్చుకుంటూ గట్ల మీద దొరలా తిరిగాడు. ఈరవ్వ చెరుకు పక్కన ఎదురైంది.

"తమ్మీ, నవీపేటకు నేను పోను. కొట్టంల గొడ్ల నడుమ సావను. పొలం ఆకర్న గా కాలువ మూలకు ఇంత జాగ ఇయ్యి. చిన్న గుడిసె ఏసుకుంట. నీ తిండి అడగ, బట్ట అడగ. కూలో నాలో చేసుకొని బతుకుత. ఊరోళ్లందర్ని గానుగకు నేనే పిలుస్త."

హన్మండ్లు ఆ మూల వైపు చూశాడు. పెదవులు కదిలించి లెక్క కట్టాడు. అతను పెదవులు కదిలిస్తే అవతలివాడి ఆశ చచ్చినట్టేనని ఈరవ్వకు తెలుసు.

"గా మూల నీళ్లు మంచిగ ఎక్కుతయక్కా. గుడిసె అంటవు, ముందట వాకిలి అంటవు, కోళ్లు అంటవు. బండెడు చెరుకు పోతది. ఏటేటా పోతది. నువ్వు బతికినన్ని ఏండ్లు పోతది."

"మరి జల్ది సావాల్నారా?"

"నేను గట్లన్ననా? హిసాబ్ సెప్తున్న."

"సరే. అయితే నా బదుళ్లు నేను వాడుకుంట."

హన్మండ్లు నవ్వాడు. "వాడుకో అక్కా. నీకేం చెరుకున్నది కొట్టించుకోడానికి?"

ఆ నవ్వుతోనే భూమన్న ఇంటికి పోయి, "ఎల్లుండి నా వంతు. మనుసులను తోలు" అన్నాడు. భూమన్న కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇచ్చాడు, తర్వాత అన్నాడు: "ఈరవ్వ మమ్ముల పెంటవ్వ పెరట్లకు రమ్మన్నది. పెంటవ్వ దొడ్డి మూల జాగ ఇచ్చింది, గోడలు పెట్టాల్నట."

"ఆమెను మీ గానుగలకు పంపింది నేను!"

"పంపిన నోరు నీదే హన్మండ్లూ. వంగిన నడుము ఎవలది?"

"గిది అన్యాయం. ఆమె నా ఇంట్ల తిన్నది."

"రొట్టె తిన్నదా, రొట్టె చేసిందా? అడిగి సూడు. ఆమె ఒక్క మాట సెప్తే ఇప్పుడే కొడవళ్లు పట్టుకొని వస్తం. పో, అక్క కాళ్లు పట్టుకో. అక్క కాళ్లే గద."

ఆ మాట విన్నవాడెవడైనా పరుగెత్తుకొని పోయేవాడు. హన్మండ్లు పోలేదు. పోతే కాలువ మూల ఇవ్వాలి. కూలివాళ్లను చూసుకుంటానన్నాడు. కూలివాళ్లంతా బోధన్‌లో ఉన్నారు, రోజు కూలి రోజే చేతిలో పడే చోట. వాళ్లను రప్పించాలంటే అక్కడి కూలి కంటే ఒక అణా ఎక్కువ చూపాలి. హన్మండ్లు ఒక అణా తక్కువ చూపాడు, "ఇక్కడ ఎండ తక్కువ" అని కారణం కూడా చెప్పాడు. చివరికి కాలు ఈడ్చే ముసలివాడొకడు, తాగి ఎక్కడా పని దొరకనివాడొకడు వచ్చారు. బెల్లం వండడానికి మాత్రం పోశన్నను పిలవక తప్పలేదు. గానుగతోపాటు పెనం, పెనంతోపాటు పోశన్న.

మొదటి దినం పొద్దున గానుగ కదిలింది. రెండు పొలాల అవతల, పెంటవ్వ పెరట్లో మట్టి తొక్కడం మొదలైంది. ఊరంతా అక్కడే ఉంది. ఒకరు నీళ్లు పోస్తున్నారు, ఒకరు వరిగడ్డి కలుపుతున్నారు, ఆడవాళ్లు మట్టి ముద్దలు అందిస్తున్నారు. ఈరవ్వ కొంగు నడుముకు బిగించి, "గా మూల వంకర పోతుందిరా లింగం, కండ్లు పెండ్లాం దగ్గర మరిసొచ్చినవా?" అని అరుస్తోంది. లింగం, "గోడ సక్కగనే ఉన్నదక్కా, నువ్వే వంకర నిలబడ్డవ్" అంటున్నాడు. ఆ నవ్వులు గానుగ కిర్రుమనే చప్పుడును దాటి హన్మండ్లు చెవిన పడ్డాయి.

పొద్దెక్కేసరికి అతనే చెరుకు నరుకుతున్నాడు. అర్జీలు రాసిన చేతులు పొక్కులెక్కాయి. ముసలివాడు మోసి తెచ్చేది గానుగ మింగేదానికి చాలడం లేదు. ఎద్దులు తిరగవలసినంత తిరగక నెమరేస్తున్నాయి. సాయంత్రానికి గాని పెనం నిండలేదు.

గానుగ ఆడే చోటికి పోయిన మనిషికి ముంతెడు రసమివ్వడం, పిల్లలకు మోదుగాకులో వేడి బెల్లం పెట్టడం ఆ సీమలో ఎవరూ ఆలోచించి చేసే పని కాదు, గాలి పీల్చినంత మామూలు. బండ్లవాళ్లు దారి మళ్లి వస్తారు. వచ్చినవాడు ఊరికే నిలబడలేడు, రసం తాగి ఒక మోపు అందిస్తాడు, పొయ్యిలో నాలుగు పిప్పి పరకలు తోస్తాడు. కూలి ఇవ్వని పని సగం అట్లానే జరుగుతుంది. హన్మండ్లు గానుగ చుట్టూ తుమ్మకంప వేయించాడు.

రెండో దినం నవీపేట సంతకు పోయే ఎడ్లబండి ఒకటి ఆగింది. బండివాడు దిగి ముంత కోసం చూశాడు.

"ఏం గావాలె?" అన్నాడు హన్మండ్లు.

"ఏం గావాల్నంటే? గానుగ ఆడుతుంది గద."

"నా గానుగ ఆడుతుంది. నీకేంది?"

బండివాడు పోశన్న వైపు తిరిగి, "అయ్యో, ఎవలన్న సచ్చిన్రా ఈ ఇంట్ల? మైలల గానుగ ఆడిస్తున్రా?" అని అడిగాడు. పోశన్న గరిటె పక్కన పెట్టి తలవంచుకున్నాడు. అతని బతుకులో అతని పెనం దగ్గర నుంచి ఒక మనిషి నోరెండి పోవడం అదే మొదలు.

"హన్మండ్లన్నా, గిదేం బుద్ధి? ఒక్క ముంత" అన్నాడు పోశన్న.

"ఒక్క ముంతతోనే మొదలైతది."

"అవు. అన్ని ఒక్క ముంతతోనే మొదలైతయ్, చుట్టరికం సుత."

మూడో దినం పొద్దున తాగుబోతు రాలేదు. ముసలివాడు వచ్చి, నడుము పట్టిందని చెప్పి, చెప్పడానికి వచ్చినందుకు కూలి అడిగి పోయాడు. హన్మండ్లు గానుగలో చెరుకు పెట్టాలా, ఎద్దులను తోలాలా, పొయ్యి చూడాలా? పోశన్న పెనం విడిచి కదలకూడదు. "మంట తగ్గుతుంది, పిప్పి ఎయ్యి! మంట ఎక్కువైంది, గుంజు!" అని అతను అరుస్తూనే ఉన్నాడు. హన్మండ్లు ఒక పనికి ఉరికితే ఇంకో పని చెడింది. నిన్న నరికిన చెరుకు పులుపు వాసన కొడుతోంది. మధ్యాహ్నానికి పెనంలో పాకం పొంగి, అడుగంటి, నల్లగా తారులా అయింది. అచ్చు కట్టలేదు. పోశన్న వేలితో తీసి నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు.

"గొడ్లు తింటయా?" అని అడిగాడు హన్మండ్లు.

అప్పటికీ అతను అడిగింది అది!

పోశన్న పెంటవ్వ పెరట్లోకి పోయి ఈరవ్వను పిలిచాడు. "ఈరక్కా, సగం చెరుకు ఇంక నిలబడే ఉన్నది. పొద్దుగూకెదాక టైమున్నది. నువ్వు ఊ అంటే పదిమందిమి పోతం, ఒక్క పెనమన్న ఎల్లుతది."

ఈరవ్వ చేతుల నిండా మట్టి. మూడో వరుస సగం లేచింది. అంతా ఆమె ముఖం చూశారు. ఎంత తిట్టుకున్నా తన చేత్తో నాటిన చెరుకు అది. ఏడాదంతా నిజామాబాదు నుంచి వచ్చి పోతూ నీళ్లు కట్టింది, కలుపు తీసింది, రాత్రి పందులను తోలింది. ఇప్పుడది ఎండిపోతోంది. ఆమె నడిచి కంప దగ్గరకు పోయింది.

"తమ్మీ, కాలువ మూల అడగ. నాకు జాగ దొరికింది. ఒక్కటే అడుగుత. వచ్చినోళ్లకు ఇయ్యాల అన్నం పెట్టు, మంచి అన్నం, పప్పుల పోపు ఏసి. తలా ఒక అచ్చు బెల్లం ఇయ్యి. తోల్కొస్త."

హన్మండ్లు ముఖం మసిబారి ఉంది. కంప అవతల మట్టి చేతులతో నిలబడ్డ మనుషులను చూశాడు. ఏడ్చేస్తాడేమో అనుకుంది ఈరవ్వ. ఏడిస్తే ఆమె అడిగింది కూడా విడిచిపెట్టేదేమో.

అతని పెదవులు కదిలాయి.

"అన్నమా, బెల్లమా? రెండిట్ల ఒకటంటే..."

ఈరవ్వ వెనక్కి తిరిగింది. "నడువున్రి, మట్టి ఎండుతుంది" అంది. మళ్లీ అటు చూడలేదు.

నాలుగో దినం గానుగ లింగం పొలానికి పోయింది. నిలబడిన చెరుకు కంకులు తీసి బెండుబారింది. దాన్ని కోసుకుపోవడానికి భూమన్నే ఒప్పుకున్నాడు, పొలం తనకు కౌలుకిచ్చే షరతు మీద. హన్మండ్లు నిజామాబాదు పోయాడు. అతని కుర్చీలో అప్పటికే సరిస్తదారు మేనల్లుడు కూర్చున్నాడు. దయ తలిచి ఉమ్మీద్‌వారుగా రమ్మన్నారు. ఉమ్మీద్‌వారంటే జీతం లేకుండా పని చేస్తూ, ఎప్పుడైనా జాగా ఖాళీ అయితే తనకిస్తారని ఆశ పెట్టుకొని కూర్చునేవాడు. సలాములు మాత్రం పూర్తి జీతగాడికంటే ఎక్కువ కొట్టాలి.

రెండు నెలలకు ఎడపల్లి వచ్చాడు. ఈరవ్వ ఇంటి మీద గడ్డి కప్పు పడింది. అరుగు మీద పెంటవ్వ కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. ఈరవ్వ తమ్ముడిని చూసి లోపలికి పోయి, రొట్టె, పోపు వేసిన పప్పు పెట్టుకొచ్చింది. అతను తిన్నాడు. ఎంత తిన్నాడో ఆమె చూడలేదు, మళ్లీ వేసింది.

"అక్కా, అంగడిల తిండి గిట్టుబాటైతలేదు. కిరాయి ఇల్లు మల్ల తీస్కుంట. రారాదు."

"ఎందుకురా?"

"ఎందుకంటే... నువ్వుంటే కిఫాయతు."

పెంటవ్వ పకపకా నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఈరవ్వ నవ్వలేదు. ఖాళీ తాంబాళం తీసుకొని, "లోపలి గోడ ఇంక పచ్చిగున్నది. ఎండెదాక రోజు అలుకాలె. నాకెక్కడ తీరుతది తమ్మీ? బండి దొరికే ఏళైంది, పో" అంది. మళ్లీ కూలి పని ఉందని కొడవలి తీసుకొని అతనికంటే ముందే బయలుదేరింది.

హన్మండ్లు ఇంకా ఉమ్మీద్‌వారే. పొలం మాత్రం అతనిదే. చెప్పులు ఇంకా చంకలోనే. నిజామాబాదు గల్లీల్లో తండ్రులు కొడుకులకు ఇప్పటికీ అతన్నే చూపిస్తారు: గుమాస్తా జీతం మీద కాలువ కింద మూడెకరాలు కొన్నాడు, అది కదా పొదుపంటే, నేర్చుకోండిరా అని. ఆ మాట మీ చెవిన పడినప్పుడు నవ్వి ఊరుకోవద్దు. ఏ రాత్రుల రొట్టె మిగిలితే ఆ మూడెకరాలు వచ్చాయో, ఎవరి నడుము వంగితే ఆ చెరుకు పెరిగిందో ఒక్కసారి అనుకోండి. ఆమె పేరు పట్టాలో లేదు, కచ్చేరి కాగితాల్లో లేదు. ఆమె ఈరవ్వ. ఎడపల్లిలో పెంటవ్వ దొడ్డి మూల ఇంట్లో ఉంటుంది. దయచేసి గుర్తుపెట్టుకోండి.